విడిపోనన్న బుల్లెమ్మ

ఒకప్పుడు సముద్రంలో చేప లేదు, పీత లేదు, కనీసం ఒక పురుగు కూడా లేదు. ఉన్నవల్లా నలుసులే. కంటికి ఆనేవి కావు. అయినా అప్పట్లో చూడటానికి కళ్ళు ఎవరికున్నాయి?

ఒక్కో నలుసుది ఒంటిగది ఇల్లులాంటి ఒళ్ళు. వెనకాల ఒక తోక. తోక మొదట్లో చుట్టూ జిగురు పట్టీ. తోక ఆడిస్తే ఈదుతుంది, జిగురుకు అంటుకున్నది తింటుంది. ప్రయాణం, తిండి, కాపలా అన్నీ తనే చూసుకోవాలి. అందుకే ప్రతి నలుసుకూ తనంత పనిమంతురాలు లేదని గొప్ప.

ఆ నలుసుల్లో బుల్లెమ్మ ఒకతి. ఆమెకు ఒకటే దిగులు. నా తర్వాత నాలాంటిది ఒక్కటైనా మిగులుతుందా?

దిగులు పడక ఏం చేస్తుంది? నలుసు బిడ్డను కనాలంటే తానే రెండుగా చీలాలి. చీలాలంటే తోకను లోపలికి లాగేసుకోవాలి. ఈదుతూ ఈదుతూ చీలడం ఏ నలుసుకూ చేతకాదు. తోక లేని నలుసు రాయిలా కిందికి దిగిపోతుంది. కింద బానపొట్టయ్య నోరు తెరుచుకుని ఉంటాడు.

బానపొట్టయ్యదీ ఒంటిగదే. కాకపోతే ఆ గది చాలా పెద్దది. మింగే ముందు "బాగున్నారామ్మా?" అని అడిగేంత మర్యాదస్తుడు. జవాబు వినేంత ఓపిక మాత్రం లేదు.

అప్పటికి మూడుసార్లు చీలింది బుల్లెమ్మ. చీలగానే నడుమ జిగురు తెంచేసి, "నీ దారి నీది, నా దారి నాది" అనుకోవడం నలుసుల ఆచారం. ఆచారం ఏమీ తప్పలేదు. మూడుసార్లూ రెండో సగం తోక మొలవకముందే బానపొట్టలోకి పోయింది.

నాలుగోసారి ఒళ్ళు బరువెక్కింది. అయినా బిగబట్టుకుని ఈదుతోంది. పక్కన ఈదే రత్తాలు చూసింది.

"ఎన్నాళ్ళు ఆపుకుంటావు వదినా? ఇంకాసేపుంటే పేలిపోయేలా ఉన్నావు."

"చీలితే సగం వాడి పాలవుతుంది రత్తాలూ."

"అందరికీ జరిగేదేగా! సగం మిగులుతుందిగా, దానికి సంతోషించు."

"నీ ఓదార్పు కంటే వాడి పలకరింపే నయం," అంది బుల్లెమ్మ.

ఇక ఆగలేక తోక ముడిచింది. కిందికి దిగుతూ దిగుతూ రెండైంది.

"బాగున్నారామ్మా? జంటగా వస్తున్నారే!" అన్నాడు బానపొట్టయ్య.

రెండో సగం, అంటే చిన్నది, గబగబా జిగురు తెంచబోయింది.

"తెంచకే!" అని అరిచింది బుల్లెమ్మ.

"అయ్యో అమ్మా, తెంచకపోతే నలుగురూ ఏమనుకుంటారు?"

"నలుగురి సంగతి బతికుంటే చూద్దాం. ముందు నన్ను అంటిపెట్టుకుని ఉండు!"

బుల్లెమ్మకు తోక ముందు మొలిచింది. సత్తువంతా పెట్టి ఆడించింది. ఇద్దరూ పైకి లేచారు. బానపొట్టయ్య గుటుక్కున నోరు మూస్తే లోపల నీళ్ళే ఉన్నాయి.

అప్పుడు అర్థమైంది కిటుకు. ఒకరు ఈదితే ఇంకొకరు నిదానంగా చీలవచ్చు. ఇద్దరు నలుగురయ్యారు, నలుగురు ఎనిమిది మందయ్యారు. చివరికి అందరూ అంటుకుని ఒక బంతిలా తయారయ్యారు.

బానపొట్టయ్య వచ్చాడు. నోరు ఇటు సాగదీశాడు, అటు సాగదీశాడు. బంతి పట్టలేదు.

"ఒక్కొక్కరుగా రండమ్మా, తోసుకోకండి," అన్నాడు.

"తోసుకోవడం లేదు బాబాయ్, పట్టుకుని ఉన్నాం!" అంది చిన్నది.

బంతిలో పనులు పంచుకున్నారు. బయటివాళ్ళు తోక ఆడించారు. కొందరు తిండి పట్టారు, కొందరు జిగురు చూసుకున్నారు. అందరికీ సుఖం అలవాటైంది.

ఒకరోజు బుల్లెమ్మ తోకవాళ్ళను అడిగింది. "తిండి ఎలా పడతారో ఒకసారి చూపించండర్రా."

"పట్టడమేమిటమ్మా? తిండి అదే వస్తుందిగా!"

తిండివాళ్ళను అడిగింది. "రెండుగా చీలడం గుర్తుందా?"

"అది మా సెక్షన్ కాదండీ."

బుల్లెమ్మకు పాత దిగులు మళ్ళీ పట్టుకుంది. అప్పటికే తోకలు అరుగుతున్నాయి, బంతి అంచులు ఊడుతున్నాయి. రేపు ఈ బంతి కాస్తా పోతే, నలుసులా బతకడం మొదటినుంచి చివరిదాకా తెలిసినవాళ్ళు ఒక్కరైనా ఉంటారా?

ఆ రోజునుంచి ఆమె ఏ పనీ చెయ్యలేదు. నడిమధ్యకు చేరి కూర్చుంది. తోక ఇలా, జిగురు ఇలా, తిండి ఇలా, చీలడం ఇలా అని వల్లె వేసుకునేది. నడుమ ఒక్క మాట తప్పిపోతే మళ్ళీ మొదటికి వచ్చేది.

"అమ్మ ఒళ్ళు వంచదు, నోరు మూయదు," అని అందరూ నవ్వేవాళ్ళు.

"ఏమిటమ్మా ఆ జపం?" అంది చిన్నది.

"మీరు మరిచిపోయినవే తల్లీ."

కొన్నాళ్ళకు బంతి ఈదలేక ఈదుతోంది. "నన్ను వదిలెయ్యండి," అంది బుల్లెమ్మ.

చిన్నది గొల్లుమంది. "తెంచకు అన్నది నువ్వు కాదూ?"

"నేనే. కానీ అందరం ఇలాగే ఉంటే, పోయేటప్పుడూ అందరం కలిసే పోతాం. నన్నొక్కదాన్ని ఎక్కడైనా దాచండి."

మిగిలిన తోకలన్నీ కలిసి బంతిని ఒక రాతి దగ్గరికి లాక్కెళ్ళాయి. రాతికి ఒక సన్నటి సందు ఉంది. బానపొట్టయ్య పెదవి కూడా దూరదు అందులో. బుల్లెమ్మను లోపలికి జార్చారు. చిన్నదే జిగురు తెంచింది. బంతి ఆ సందు ముందే కాపలా తిరిగి తిరిగి, చివరికి ఆగిపోయింది.

లోపల బుల్లెమ్మ తోక ముడుచుకుంది. వల్లె వేసినదంతా ఒక్క ముక్క తప్పకుండా గుర్తుంది. రెండైంది, విడిపోలేదు. నాలుగైంది, విడిపోలేదు.

అప్పటినుంచే చీమైనా, ఏనుగైనా, మిమ్మల్ని బడిలో బెంచీ ఎక్కించే మాస్టారైనా మొదట ఒక్క నలుసుగానే మొదలవుతారు. ఆ నలుసు గుడ్డులోనో, తల్లి కడుపులోనో, ఎవరి నోటికీ అందని చోట దాక్కుంటుంది. రెండు, నాలుగు, వెయ్యి, లక్ష అవుతుంది. తర్వాత కన్ను చూడటమే నేర్చుకుంటుంది, కాలు నడవడమే నేర్చుకుంటుంది. అన్నీ గుర్తున్న నలుసు మాత్రం ఏ పనీ చెయ్యకుండా, కొత్త ఒంటిని మొదలుపెట్టే తన వంతు ఎప్పుడొస్తుందా అని లోపల కూర్చునే ఉంటుంది.