కదలని ముల్లు

ప్రశ్న వినగానే చెప్పులు తొడుక్కోవడం సన్యాసినాయుడుగారి అలవాటు. పేరులో తప్ప ఆయనలో సన్యాసం లేదు. భార్య, మనుమలు, పెరట్లో రెండు గేదెలు గల గృహస్థు. తుని దాటాక జీడితోటల మీదుగా విశాఖకు గొట్టంలోనే బండ్లు నడిచే గొట్టపుదారిలో ముప్పై ఏళ్ళు పంపుహౌసు కాపలా ఉద్యోగం చేసి, విరమించాక, కదలని బయలును గురించి చెప్పే అచలబోధను అడిగినవారికి వినిపిస్తూ కాలం గడుపుతున్నారు. మాటతో తీరే సందేహమైతే అరుగు మీదే తీర్చేవారు. ఆయన పాదాలు చెప్పుల కోసం వెతికాయంటే, జవాబు ఇంట్లో లేదని శిష్యులు గ్రహించేవారు.

ఆ మాఘమాసపు ఉదయం ప్రశ్న అడిగినవాడు త్రినాథరావు. కళాశాలలో గణితం బోధించే పని వదలుకొని, రెండేళ్ళుగా గురువుగారి ఇంటి పక్కనే గది తీసుకుని ఉంటున్నాడు.

"గురువుగారూ, నిన్న మా మేనల్లుడు ఫోను చేశాడు. ఇవాళ మధ్యాహ్నం రెండు గంటలకు విశాఖలో మా అక్కకు గుండె ఆపరేషను. లోపలికి తీసుకువెళ్ళేలోగా నన్నొకసారి చూడాలంటోందట. విన్నాను. నాలో ఏమీ కదలలేదు. భయం లేదు, బెంగ లేదు. మీరు చెప్పే నిశ్చలత ఇదేనా? ఇదే అయితే, వెళ్ళి దాన్ని చెదరగొట్టుకోవడం ఎందుకు?"

ఆ గొంతులో వినయం ఉంది. పరీక్షలో తానే మొదటివాడినని తెలిసి కూడా ఫలితాల కాగితం ముందు నిలబడినవాడి గర్వమూ ఉంది. "పోనీ, వెళ్ళవలసి వచ్చినా గొట్టపుబండిలో ఎనిమిది నిమిషాల ప్రయాణమే కదా," అని కూడా అన్నాడు. ఆ ఎనిమిది నిమిషాల దూరంలో ఉన్న అక్కను చూసి రెండేళ్ళయిందన్న సంగతి, లెక్కల మనిషి అయి ఉండీ, లెక్కలోకి తీసుకోలేదు.

నాయుడుగారు చెప్పులు తొడుక్కున్నారు.

మంచు ఇంకా విడలేదు. జీడిపూత వాసన ఆ మంచులో తడిసి బరువెక్కి, నేలకు జానెడెత్తున నిలిచిపోయినట్టుంది. తోటల మీదుగా, ఎత్తయిన స్తంభాలపై, తెల్లని గొట్టం పొగమంచులో పుట్టి పొగమంచులోనే లీనమవుతోంది. లోపలి గాలిని పంపులు తోడేయగా మిగిలిన ఖాళీలో, పట్టాలను తాకకుండా, నలభైమందిని కూర్చోబెట్టుకుని బండ్లు పరుగెడతాయి. వారు నడుస్తుండగా ఒకటి వెళ్ళింది. చప్పుడు లేదు. జీడాకుల అంచున ఉన్న మంచుబొట్లు ఒక్కసారి వణికి రాలాయి. నిద్రలో ఎవరో పేరు పెట్టి పిలిచి, కళ్ళు తెరిచేసరికి లేకుండా పోయినట్టనిపించింది.

త్రినాథరావు తలెత్తి చాలాసేపు చూశాడు. తనలోనుంచి తానూ ఇలాగే ఒక్కొక్కటే తోడేశాడు. మొదట పాటలు, తరువాత స్నేహితులు, ఆ తరువాత ఇంటివాళ్ళ ఫోన్లు. ఇంత తెల్లగా, ఇంత నిశ్శబ్దంగా ఉన్న వస్తువు మరొకటి లోకంలో లేదనిపించి, నడుస్తున్న కాళ్ళు తనవి కావేమో అన్నంత తేలికయ్యాడు.

పంపుహౌసులో వరహాలమ్మ అప్పుడే డ్యూటీకి వచ్చి, మంచుకు తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పుతోంది. ఆమె నాయుడుగారి చేతికింద పని నేర్చుకున్న మనిషి.

"రండి నాయుడు బాబూ! రిటైరై ఇన్నేళ్ళయినా ఈ పంపుల మీద బెంగ తీరలేదేటి?"

"నాకు కాదమ్మా, మా మేస్టారికి చూపిద్దామని."

"ఏటి సూపిస్తారు? లోపలున్నది ఖాళీయే గదా! కూకోండి, టీ పెడతాను."

గురువుగారు బల్ల మీద కూర్చుని కళ్ళు మూసుకున్నారు. గోడ మీద పళ్ళెమంత గుండ్రని మీటరు ఉంది. గొట్టంలో గాలి ఏ మాత్రం ఉన్నదీ దాని ముల్లు చెబుతుంది. కంప్యూటరు తెర మరమ్మతుకు వెళ్ళినందున, ఆ వారమంతా ఆ ముల్లే సాక్షి. అది ఆకుపచ్చ గీత మీద నిలిచి ఉంది. పంపుల హోరు తంబురా శ్రుతిలా గదిని నింపుతోంది. రెండుసార్లు కాళ్ళకింద నేల లీలగా అదిరింది. తలమీదుగా బండ్లు వెళ్ళాయన్నమాట. ముల్లు మాత్రం చలించలేదు. టీ వచ్చేవరకు త్రినాథరావు దానిమీదనుంచి చూపు తిప్పుకోలేదు.

"ఎంత నిలకడ!" అన్నాడు పరవశంగా. "వెంట్రుకవాసి అయినా కదలడం లేదు."

"మా ఆయన నిద్దరోయినా ఇంత కుదురుగా ఉండడు మేస్టారూ," అని నవ్వింది వరహాలమ్మ. నవ్వుతూనే ఆగిపోయింది. "ఇందాకట్నుంచీ ఇలగే ఉందా? ఈలోగా బండేదైనా ఎళ్ళిందా?"

"రెండు వెళ్ళాయి."

ఆమె టీ గ్లాసు కింద పెట్టి, వేలు మడిచి, మీటరు అద్దం మీద తట్టింది. మీటరు అంకె పుస్తకంలో రాసుకునే ముందు అలా మూడుసార్లు తట్టడం ఆ దారి కాపలావాళ్ళు ఒకరికొకరు నేర్పుకునే పద్ధతి. ముందు డ్యూటీలో ఉన్న కొత్త మనిషి, ముల్లు అందంగా నిలిచి ఉండడం చూసి, తట్టకుండానే రాసి వెళ్ళిపోయాడు. ఒకటి. రెండు. మూడో దెబ్బకు ముల్లు త్రుళ్ళిపడి, ఆకుపచ్చ గీతను వదలి, ఎర్రగీత దాకా పోయి అక్కడ కొట్టుకోసాగింది.

"బతికున్న గొట్టంలో ముల్లు ఆడకుండా ఉండదు మేస్టారూ. బండి ఎళ్తే ఆడతాది, ఎండెక్కితే ఆడతాది. ఆడలేదంటే ఇరుక్కున్నట్టే," అంటూనే ఆమె ఫోను అందుకుంది. రెండువైపులా బండ్లు ఆపించింది. దారిలో ఉన్నవి మెల్లగా దగ్గరి స్టేషన్లకు చేరి నిలిచాయి. ఎవరికీ ఏమీ కాలేదు. ఎక్కడో ఒక అతుకు దగ్గర సన్నగా గాలి చొరబడుతోంది, అంతే.

"మళ్ళీ ఎప్పుడు తెరుస్తారు?" అన్నాడు త్రినాథరావు.

"కన్నం దొరకాల, పూడ్చాల, మళ్ళీ గాలి తోడాల. పొద్దు గూకిపోతాది."

"అయితే విశాఖ బండి?"

"ఏ బండీ లేదండి. ఇయాళ అందరికీ బస్సే గతి. మూడు గంటలు పడతాది."

త్రినాథరావు గడియారం చూసుకున్నాడు. తొమ్మిదిన్నర. ఎనిమిది నిమిషాలు అనుకుంటూ ఇన్నాళ్ళూ జేబులో వేసుకు తిరిగిన దూరం కొండలూ, వాగులూ, ఊళ్ళూ అయి ఒక్కసారిగా అతని ముందు పరుచుకుంది. చిన్ననాడు జ్వరం వస్తే అక్క అతని రొమ్ము మీద చెవి ఆనించి, గుండె కొట్టుకున్నప్పుడల్లా పైకి లెక్కపెట్టేది. అతడు అంకెలు నేర్చుకున్నది అలాగే. నూరు దాటాక ఏమిటని అడిగితే, "నూటొకటిరా బుజ్జోడా, ఆగదు," అని నవ్వేది. ఆ మాట ఎక్కడనుంచి వచ్చిందో తెలియలేదు. చేతిలోని టీ వేళ్ళ మీద ఒలికినా తెలియలేదు.

"బస్సు ఎక్కడ ఆగుతుంది? ఎక్కడమ్మా?" అని కేకవేసినట్టు అడిగాడు. వరహాలమ్మ తోటల అవతలి రోడ్డు చూపించింది.

రెండడుగులు పరుగెత్తి, గుమ్మంలో ఆగి, వెనుదిరిగాడు. కళ్ళ నీళ్ళు గడ్డం మీదికి జారుతున్నాయి. గురువు ముందు అలా నిలబడడం అతనికి ఘోరమైన ఓటమిలా ఉంది.

"గురువుగారూ, రెండేళ్ళ సాధన పోయింది."

సన్యాసినాయుడుగారు కళ్ళు తెరిచారు.

"పోయిందో, వచ్చిందో, మీ అక్కకు మత్తు ఇచ్చేలోపు చేరి ఆవిడనే అడుగు నాయనా."