సూరన్న మెడకు కట్టిన కట్టు

విరిగిన ఎముకలకు కట్టు కట్టడంలో బసవలింగం గారు గోదావరి లంకల్లో పేరుమోసినవారు. ప్రశ్న అడిగితే వెంటనే జవాబు చెప్పడం మాత్రం ఆయనకు అలవాటు లేదు. చేతిలో పని చూసుకుంటూ కూర్చునేవారు. అడిగినవాడు లోలోపల ఉడికిపోయేవాడు.

ఆ ఉదయం అలా ఉడికిపోయింది శిష్యుడు చిట్టెబ్బాయి. చెల్లెలు మంగ తనకు నచ్చినవాణ్ణి పెళ్లాడిందని, జన్మలో ఆమె గడప తొక్కనని నలుగురిలో అనేశాడు. అప్పటినుంచీ ఆ మాట దాటలేదు. ఇప్పుడు పక్క లంక నుంచి ఆమె కబురు పంపింది. ఇవాళ మధ్యాహ్నమే కొడుక్కి పుట్టువెంట్రుకలు తీయించాలి. మేనమామ ఒళ్లో కూర్చోబెట్టుకుంటే తప్ప పిల్లాడి తల మీద కత్తి పెట్టనివ్వదట. వెళ్లాలని చిట్టెబ్బాయికి ప్రాణం కొట్టుకుంటోంది. పరువు అడ్డం పడుతోంది.

"మాట మీద నిలబడే మనిషి కదలొచ్చా అండీ?" అని అడిగాడు.

గురువుగారు పొయ్యి మీద కాగుతున్న నూనెను కలిపారు. అంతలో సూరన్న వచ్చాడు. జాతరలో అమ్మవారి కలశాన్ని, అదే గరగను, నెత్తిన పెట్టుకుని చెయ్యి వెయ్యకుండా ఆడే మనిషి. కిందటి నెల పట్టేసిన మెడ పూర్తిగా నయమైంది గానీ, భయం వదల్లేదు.

"ఎల్లుండే జాతరండి. గరగ జారిందంటే మళ్లీ నన్ను ఎత్తనివ్వరండి. మెడ కదలకుండా కట్టేసి పెట్టండి," అన్నాడు.

గురువుగారు చిట్టెబ్బాయికి సైగ చేశారు. విరిగిన చేతికి కట్టినట్టే అతను వెదురుబద్దలు పెట్టి, గుడ్డ చుట్టి, పళ్లు బిగబట్టి మరీ బిగించాడు. సూరన్న మెడ గుంజలా నిలిచింది. నీళ్లకుండ నెత్తికెత్తుకుని ఆడి చూపించమన్నారు గురువుగారు. రెండు అడుగులైనా పడకముందే కుండ ఒరిగింది. చిట్టెబ్బాయి ఒక్క ఉరుకున వచ్చి పట్టుకున్నాడు. కుండ దక్కింది గానీ నీళ్లన్నీ అతని మీదే పడ్డాయి.

"కట్టు విప్పెయ్. కుండ మళ్లీ నింపు," అన్నారాయన.

ఈసారి సూరన్న బెదురుతూనే అడుగు వేశాడు. కాసేపటికి ఒళ్లు మరిచాడు. నడుము ఊగింది, కాళ్లు గిరగిరా తిరిగాయి, నీళ్లు మాత్రం తొణకలేదు. ఆట కాస్త నెమ్మదించాక, గురువుగారు చెప్పగా చిట్టెబ్బాయి వెనకే నడుస్తూ అతని మెడ మీద వేళ్లు ఆనించాడు. చర్మం కింద చిన్న చిన్న ఎముకలు, ఒకదాని మీద ఒకటి. అడుగు పడినప్పుడల్లా కిందిది కాస్త ఒరిగితే పైది కాస్త సర్దుకుంటోంది. ఇన్నేళ్లుగా ఎముకలు పట్టి చూస్తున్నవాడికి ఒళ్లు ఝల్లుమంది.

"ఒక్కటీ కుదురుగా ఉండటం లేదండీ!" అన్నాడు.

"మరి కుండ?"

"నిలిచే ఉందండి."

సూరన్న కుండ దించి, గురువుగారికి దణ్ణం పెట్టి, సంతోషంగా వెళ్లిపోయాడు. చిట్టెబ్బాయి ఆ వెదురుబద్దలు పట్టుకుని అక్కడే ఉండిపోయాడు. గురువుగారు పొయ్యి మీది నూనె దించుకుంటూ, తలెత్తకుండానే అన్నారు:

"ముందు ఆ తడిబట్టలు మార్చుకోరా. పసివాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకోవాలి కదా."