మిగిలిన సగం మాత్ర

మండపేటలో గవర్రాజు అనే పెళ్లివంటల మేస్త్రి ఉండేవాడు. నాలుక మీద వేసుకుంటే తనకు తెలియని సరుకు లోకంలో లేదని అతని గర్వం.

నిజం చెప్పాలంటే గర్వపడదగ్గ పనివాడే. ఊరంతటికీ పప్పుచారు కాచినా గిన్నె పెట్టి కొలిచేవాడు కాదు. ఉప్పు గుప్పిటతో తీసి విసిరేవాడు. ఒక చుక్క అరచేతిలో వేసుకుని నాకి, "అయిపోయింది, దించండి" అనేవాడు. అతని భార్య మంగతాయారు మాకు వరసకు చెల్లెలు. కర్పూరం వెలిగించి అన్నపూర్ణమ్మకు దణ్ణం పెట్టుకోనిదే ఆమె కత్తిపీట ముట్టేది కాదు. ఆమె తమ్ముడు వీరబాబు కూడా వాళ్లతోనే పనిచేసేవాడు. బావ మాటంటే అతనికి వేదం.

గుండిగలు ఎత్తీ ఎత్తీ గవర్రాజుకు నడుం పట్టేసింది. డాక్టరుగారు మందులిచ్చి, "కొన్నాళ్లు బరువులెత్తకుండా పడుకోవయ్యా" అన్నారు.

"మాఘమాసం ముహూర్తాల్లో వంటవాడు పడుకుంటే పెళ్లికొడుకు వండుకుంటాడా అండీ?" అని నవ్వేసి వచ్చేశాడు గవర్రాజు.

ఆ మాఘంలోనే కాకినాడలో ఒక పెళ్లికి వెళ్లారు. తెల్లవారేసరికి గవర్రాజు వంగలేకపోయాడు, వంగితే లేవలేకపోయాడు. హాల్లో లైట్లు కట్టడానికి వచ్చిన మనిషి అది చూశాడు. జేబులోంచి కాగితం పొట్లం తీసి, ఒక తెల్ల మాత్ర అతని చేతిలో పెట్టాడు.

"షాపులో అడిగితే చీటీ కావాలంటారు మేస్త్రీ. నాకు తెలిసినవాడి దగ్గర దొరుకుతాయి. వేసుకో, గుర్రంలా పరిగెడతావు."

మంగతాయారు వంకాయలు తరగడం ఆపింది. "అట్ట లేదు, పేరు లేదు. ఎవడు చేశాడో తెలియని మందు నోట్లో ఎలా వేసుకుంటావయ్యా?"

"నోట్లో వేసుకుంటేనే కదే తెలిసేది!" అని గవర్రాజు మాత్రను పటుక్కున కొరికి చప్పరించాడు. "చేదు. మామూలు నొప్పి మాత్రే. నీ తృప్తి కోసం సగమే మింగుతాలే."

మిగిలిన సగం కాగితంలో చుట్టి బొడ్లో దోపుకున్నాడు.

కాసేపటికి నొప్పి మాయమైంది. గవర్రాజు హుషారుగా అటూ ఇటూ తిరిగాడు. పులిహోర కలిపాడు, సాంబారు గుండిగ పట్టి దింపాడు, వడ్డించేవాళ్లను కేకలేశాడు. మధ్యాహ్నం ఆఖరి బంతి లేచాక చూస్తే, వీరబాబు గోడకు చేరగిలబడి మోకాలు రుద్దుకుంటున్నాడు.

"ఏంట్రా, ముసలాడివైపోయావా అప్పుడే?"

"పొద్దుట్నించీ నిలబడే ఉన్నాను కదా బావా. మోకాలు సలుపు."

గవర్రాజు బొడ్లోంచి కాగితం తీశాడు. "ఇదిగో, నా మాత్రలో మిగిలిన సగం. నేను వేసుకుని చూశాను. ఏమీ చెయ్యదు."

"నువ్వు రుచి చూశాక నాకేం భయం?" అని వీరబాబు దాన్ని మజ్జిగతో మింగేశాడు.

వంటవాళ్లలో ఒక మర్యాద ఉంది. ముందురోజు సాయంత్రం నుంచీ పొయ్యిల దగ్గరే ఉంటారు కనుక, పని అయ్యాక కునుకు తీసినవాణ్ణి ఎవరూ లేపరు. వీరబాబు ఖాళీ బియ్యం సంచుల మీద వాలాడు. కొంతసేపటికి పెద్దగా గురక మొదలైంది.

"ట్రాక్టరు స్టార్టు చేశాడురోయ్!" అన్నారెవరో. అందరూ నవ్వారు. గవర్రాజు కూడా నవ్వాడు.

తమ్ముడు అన్నం తినలేదని మంగతాయారు విస్తరిలో వడ్డించుకుని వచ్చింది. వచ్చి అలాగే నిలబడిపోయింది. ఆ గురకలో ఏదో తేడా ఉంది. గొంతులో నీళ్లు సుడి తిరుగుతున్నట్టు ఒక చప్పుడు, ఆ తర్వాత చాలాసేపు ఏమీ లేదు, మళ్లీ ఒక చప్పుడు. వంగి చూసింది. పెదవులు నేరేడు పండు రంగుకు తిరిగాయి.

"వీరబాబూ! ఒరేయ్ తమ్ముడూ!" భుజాలు పట్టి కుదిపింది. తల వాలిపోయింది. "ఇది నిద్ర కాదయ్యా! ఎవరైనా రండి!"

ఎవరో 108కి ఫోన్ చేశారు. హాలు మేనేజరు పరిగెత్తుకొస్తే గవర్రాజు అతని చెవిలో, "నేనే ఒక మాత్ర ఇచ్చానండీ" అన్నాడు.

మేనేజరు అతన్ని పక్కకు లాగాడు. "ఆ మాట నోట రానీకు. పొయ్యి సెగ తగిలిందని చెప్పు. పోలీసులొస్తే మా హాలు పేరు పోతుంది. వంటవాడు ఏవో మాత్రలు పంచాడంటే ఇక నీ చేతి అన్నం ఎవరు తింటారు?"

అంబులెన్సు వచ్చింది. అందులోంచి దిగిన మనిషి వీరబాబు పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. "ఏమైనా మింగాడా అమ్మా? త్వరగా చెప్పండి."

"ఏమీ లేదు బాబూ, మజ్జిగ తాగాడంతే" అంది మంగతాయారు. పాపం, ఆమెకు తెలిసింది అంతే.

గవర్రాజు ఊరుకుంటే సరిపోయేది. అతని పేరు నిలబడేది. మేనేజరు కళ్లతోనే వద్దని సైగ చేస్తున్నాడు. గవర్రాజు భార్య చేతుల్లో ఉన్న ఆ తలను చూశాడు.

"మింగాడు బాబూ!" అని అరిచాడు. "నేనే ఇచ్చాను. పొట్లంలో మాత్ర, లైట్ల మనిషి ఇచ్చాడు. సగం నేను తిన్నాను, సగం వాడికి పెట్టాను."

ఆ మనిషి వీరబాబు కనురెప్ప ఎత్తి చూశాడు. కంటిపాప ఆవగింజంత అయిపోయింది. వెంటనే ముఖానికి మాస్కు పెట్టి, చేత్తో సంచీ నొక్కుతూ ఊపిరి అందించాడు. ఆసుపత్రికి ఫోన్ చేసి మత్తుమందు కేసు అని చెప్పాడు. బండి దిగేసరికి అక్కడ విరుగుడు ఇంజక్షన్ సిద్ధంగా ఉంది.

ఇంజక్షన్ పడిన కాసేపటికి వీరబాబు గట్టిగా గాలి పీల్చి కళ్లు తెరిచాడు. చుట్టూ చూశాడు. "బావా, పెరుగు డబ్బాలు సర్దారా?" అన్నాడు. మంగతాయారు నవ్వలేక, ఏడవలేక కొంగు నోట్లో కుక్కుకుంది.

"విరుగుడు పని తగ్గితే ఊపిరి మళ్లీ మందగించవచ్చు. రేపటిదాకా ఇక్కడే ఉండాలి" అంది డాక్టరమ్మ. గవర్రాజును కూడా పరీక్ష చేసి కూర్చోబెట్టింది.

"నాకు అర్థం కావట్లేదమ్మా," అన్నాడు గవర్రాజు. "ఒకే మాత్ర. నాకేమీ కాలేదు. రుచి కూడా చూశాను."

"ఇవి కంపెనీలో చేసినవి కావు. ఏ రేకుల షెడ్డులోనో పిండీ మత్తుమందూ కలిపి అచ్చు వేస్తారు. ఆ మందు ఉప్పురవ్వంత చాలు మనిషి ఊపిరి ఆపడానికి. మీరు పులిహోరలో ఉప్పు సరిగ్గా కలపకపోతే ఏమవుతుంది?"

"ఒక ముద్ద చప్పన. ఒక ముద్ద నోట పెట్టలేం."

"ఇదీ అంతే. మీ సగంలో కాస్త పడింది, ఆయన సగంలో మిగతాదంతా పడింది. ఏ నాలుకకీ అది తెలియదు. మీరు నిజం చెప్పారు కాబట్టి ఏ విరుగుడు ఇవ్వాలో మాకు వెంటనే తెలిసింది. ఇంకాస్త ఆలస్యమైతే ఆయన మీకు దక్కేవాడు కాదు."

గవర్రాజు తలవంచుకుని చేతులు జోడించాడు. ఆ సాయంత్రం పోలీసులు రాకముందే తానే స్టేషనుకు వెళ్లి లైట్ల మనిషి సంగతి చెప్పాడు. ఆ పొట్లంలో మిగిలిన మాత్రలు ఇంకెవరి నోట్లోకీ వెళ్లకుండా పోలీసులు పట్టుకున్నారు. మాట బయటికి పొక్కి ఒకరిద్దరు అతనికి ఇచ్చిన వంట పని రద్దు చేసుకున్నారు. కాని ఒక పెళ్లివారి పెద్దాయన మాత్రం, "దాచిపెట్టే అవకాశం ఉన్నా దాచనివాడు మా పిల్లల పెళ్లిలో పాడైపోయిన సరుకు వండడు" అని పిలిచి మరీ పని ఇచ్చాడు.

వీరబాబు ఇల్లు చేరాక బావ ముఖం ఇంకా చిన్నబోయి ఉండడం చూశాడు. "దిగులు పడకు బావా. నువ్వు వండింది ఏదైనా తింటాను. నీ వైద్యం మాత్రం నాకొద్దు" అన్నాడు. కాకినాడ పెళ్లి తర్వాత ఆ ఇంట్లో అందరూ నవ్వింది అదే మొదటిసారి.

కాబట్టి పిల్లలూ, ఎవరు చేశారో తెలియని మాత్రను ఒకరికి ఏమీ కాలేదు కదా అని ఎన్నడూ నమ్మకూడదు. పొరపాటు జరిగితే పరువు చూసుకోకుండా ఆ క్షణమే నిజం చెప్పాలి, ఎందుకంటే పోయిన పేరు తిరిగి వస్తుంది గాని పోయిన ప్రాణం రాదు.