ఏకాదశి తీర్మానం

పరదేశి స్వామి ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పే మనిషి కాదు. అడిగినవాణ్ణి వెంటబెట్టుకుని ఎక్కడికో ఒకచోటికి నడిపిస్తారు, అంతే. నాగావళి ఒడ్డున ఆయన ఆశ్రమంలో పన్నెండేళ్లు ఉన్నాను కాబట్టి ఆ సంగతి నా కాళ్లకు బాగా తెలుసు.

ఒక దశమి సాయంత్రం మా ఊరి సర్పంచి సన్యాసినాయుడు వచ్చాడు. స్వామి శిష్యుడే. మంచివాడు, కాకపోతే మంచి చెయ్యడంలో కాస్త తొందర ఎక్కువ. ఏకాదశి నాడు ఊళ్లో ఏ హోటలూ, ఏ తిండి బండీ తెరవకూడదనీ, తెరిస్తే సామాను పట్టుకుపోతామనీ పంచాయతీ చేత తీర్మానం చేయించబోతున్నాడు. ఆ మాట ఇచ్చే ఎన్నికల్లో గెలిచాడు మరి. ద్వాదశి నాడు గ్రామసభ. తీర్మానం పైన "స్వామివారి ఆశీస్సులతో" అని రాసుకోవడానికి అనుమతి కావాలన్నాడు. ఆ పైన ఒక ప్రశ్న కూడా వేశాడు:

"ఉపవాసం మంచిదని మీరే చెప్పారు. మంచిదాన్ని చట్టం చేస్తే తప్పేముంది స్వామీ?"

రేపు తనతో కలిసి ఉపవాసం ఉండమన్నారు స్వామి. నాయుడు సంబరంగా ఒప్పుకున్నాడు. పాపం, అతనికి తెలిసిన ఏకాదశి అంటే ఫ్యాను కింద రెండు అరటిపళ్లు, గ్లాసుడు పాలు, పొద్దు వాలాక సగ్గుబియ్యం ఉప్మా.

మర్నాడు పొద్దున్నే బస్సులు ఆగే కూడలికి బయల్దేరాం. అక్కడ పోలమ్మ టిఫిను బండికి ఎదురుగా ఒక అరుగు ఉంది. స్వామి ప్రతి ఏకాదశికీ కూర్చునేది దాని మీదే. పోలమ్మ మొగుడు పోయి ఇరవై ఏళ్లు. ఇడ్లీ, బజ్జీ, అంబలి అమ్మి ఇద్దరు మనవల్ని సాకుతోంది. రెక్కాడితే గాని డొక్కాడని బతుకు. తీర్మానం గనక నెగ్గితే మొదట ఆరేది ఆ పొయ్యే. ఆ కబురు ఆమె చెవిన కూడా పడిందని, సర్పంచిని చూసి తల దించుకోవడంలోనే తెలిసిపోయింది.

అయినా ఆమె ఎప్పుడూ చేసే పనే చేసింది. స్వామిని చూడగానే లేచి, బండి వెనకున్న తడిక తెచ్చి పొయ్యికీ మాకూ మధ్య నిలబెట్టింది, బజ్జీల వాసన మా వైపు రాకూడదని. వాసన తడికను లెక్కచేస్తుందా? నాయుడు గుటకలు మింగాడు. నేనూ మింగాను, అబద్ధమెందుకు.

బస్సు దిగిన డ్రైవరు వణుకుతూ వచ్చాడు. షుగరు జబ్బున్న మనిషి, వేళకు తినకపోతే కళ్లు తిరుగుతాయి. నాలుగు ఇడ్లీలు తిన్నాక తేరుకున్నాడు. ఆసుపత్రికి పోతున్న ఒక నిండు చూలాలు అంబలి తాగింది. ఆ కూడలిలో తిండి దొరికే చోటు ఇంకొకటి లేదు. నాయుడు వచ్చేపోయేవాళ్లను చూస్తూ, జేబులోని తీర్మానం కాగితాన్ని మాటిమాటికీ తడుముకోవడం మానేశాడు.

మధ్యాహ్నం వేళ లేచి వెళ్లి, తడిక పెట్టమని ఎవరు చెప్పారని పోలమ్మని అడిగాడు.

"ఎవులు సెప్తారు బాబూ? సాములోరికి ఈయేల పస్తు గదా." పొయ్యిలో పుల్ల ఎగదోసి ఆమే మళ్లీ అంది: "ఇకమీద ఏకాదశికి పొయ్యి ఎలిగించకూడదంట గదా. మరా డ్రైవరు బాబు ఎక్కడ తింటాడు?"

తన మనవల మాట ఎత్తనే లేదు.

స్వామి లేచి వెళ్లి పోలమ్మకు రెండు చేతులూ జోడించారు. ఇన్నేళ్లూ తన ఏకాదశిని కాపాడింది ఆమేననీ, ఆ మేలు మరువలేననీ అన్నారు. ఆమె కంగారుపడి చెంగుతో మొహం కప్పుకుంది. నాకు కళ్లు చెమర్చాయి. పన్నెండేళ్లు ఆ తడిక చాటున కూర్చున్నాను. ఒక్కసారైనా ఆ తల్లికి దండం పెట్టాలని తోచలేదు నాకు.

తిరిగి వస్తుంటే దారిలో స్వామి అన్నారు: "ఎదురుగా అన్నం ఉండి నేను తినకపోతే అది ఉపవాసం. ఊళ్లో పొయ్యి వెలగక నేను తినకపోతే దాన్ని కరువంటారు, నాయనా."

మరి సర్పంచిగా తను చెయ్యాల్సిందేమిటని నాయుడు అడిగాడు. ఇచ్చిన మాట తప్పితే ఓట్లేసినవాళ్లు ఊరుకుంటారా అని కూడా అడిగాడు. పోలమ్మ బిందెలతో నీళ్లు ఎక్కణ్ణించి మోసుకొస్తోందో చూశావా అని మాత్రం అన్నారు స్వామి. ఆమె మోసేది ఏటి నుంచి, కిలోమీటరు దూరం.

గ్రామసభలో నాయుడు తిట్లు తిన్నాడు. మాట తప్పాడన్నారు, దేవుడి పని చెడగొట్టాడన్నారు. అన్నీ తలవంచుకుని విని, కూడలికి కుళాయి వెయ్యాలన్న తీర్మానం చదివాడు. కాగితం పాతదే, వెనకవైపు రాసుకొచ్చాడు.

మూడు నెలలకు కుళాయి పడింది. ఆ తర్వాత వచ్చిన ఏకాదశికి మళ్లీ ముగ్గురం ఆ అరుగు మీదే కూర్చున్నాం. పోలమ్మ తడిక నిలబెట్టి, చెంబు కడిగి, కుళాయి నీళ్లు పట్టి స్వామికి ఇచ్చింది. ఆయన చెంబు ఎత్తి సగం తాగి, మిగతాది నాయుడికి అందించారు.

"నీ తీర్మానం తియ్యగా ఉంది, నాయనా," అన్నారు.