గీత బయటికి పాసు

వుకాషిన్ మాస్టారికి ఒక అలవాటుంది. ఏదైనా అడిగితే జవాబు చెప్పడు. వేయించిన గుమ్మడి గింజ ఒకటి నోట్లో వేసుకుని, పొట్టు ఊసేసి, "సర్లే, చూద్దాం" అంటాడు. అంతే. సెర్బియాలో, మొరావా నది పక్కనున్న ఆ చిన్న ఊళ్ళో ఫుట్‌బాల్ ఆడినోడెవడైనా ఆయన చేతికింద తన్నులు తిని పెరిగినోడే. స్రెటెన్ కూడా.

కాకపోతే స్రెటెన్ మామూలోడు కాదు. ఆ ఊరి క్లబ్బులో మొదలెట్టి బెల్‌గ్రేడ్ వెళ్ళాడు, అక్కణ్ణించి గ్రీసు, ఆ తర్వాత టర్కీ. ఎక్కడాడినా గోల్సే గోల్సు. చివరికి మోకాలు మొరాయించింది. ఆట మానేసి సొంతూరి క్లబ్బుకే కోచ్‌గా వచ్చాడు. ఊరంతా పండగ చేసుకుంది. ఇక అక్కణ్ణించి టీమ్ వరసబెట్టి ఓడిపోతూనే ఉంది.

ఇప్పుడు ఒక్క మ్యాచ్ మిగిలింది. కనీసం డ్రా అయితే ఉన్న లీగ్‌లో ఉంటారు. ఓడితే టీమ్ కింది లీగ్‌కి, స్రెటెన్ ఇంటికి. క్లబ్ ప్రెసిడెంట్ మొహం మీదే చెప్పేశాడు.

స్రెటెన్ మాస్టారి దగ్గరికెళ్ళాడు. "గురువుగారూ, నేనేం తక్కువ చేస్తున్నా? ప్రాక్టీసులో రోజూ వాళ్ళతో పాటు దిగి ఆడుతున్నా. ఎక్కడ ఇరుక్కున్నా నాకే పాసివ్వమంటా, గోల్ కొట్టి చూపిస్తా. అందరూ చప్పట్లు కొడతారు. మరి మ్యాచ్‌లో ఒక్కడికీ రాదేంటి?"

మాస్టారు గింజ కొరికాడు. "సర్లే, ఆదివారం వస్తా."

ఆదివారం వచ్చి గీత పక్కన, స్రెటెన్ వెనకాలే నిలబడ్డాడు. అవతలి టీమ్ తొందరగానే ఒక గోల్ కొట్టేసింది. కాసేపటికి మన మిలున్‌కి బంతి దొరికింది. కుర్రాడు మంచి స్ట్రైకర్. ఎదురుగా గోల్ పోస్టు, అడ్డం ఇద్దరే. వాడు తలెత్తి ఒకసారి చూసి, ఫెడీమని తన్నాడు. బంతి గీత దాటొచ్చి సరిగ్గా స్రెటెన్ కాళ్ళ దగ్గర ఆగింది. జనం పడీపడీ నవ్వారు.

"ఒరేయ్ మిలున్! ఇక్కడెవడున్నాడని ఇచ్చావురా?"

"సారీ కోచ్! అలవాటైపోయింది!"

"పాసు మాత్రం సూపర్‌రా," అన్నాడు మాస్టారు. "సరిగ్గా నీ కుడికాలికే వచ్చింది. కొంచెం అటు జరుగు."

స్రెటెన్ అటు జరిగాడు. ఈసారి ఇంకో కుర్రాడు ఇరుక్కున్నాడు. బంతి అటే వచ్చింది. ఇటు జరిగితే ఇటొచ్చింది. గ్యాలరీలోంచి ఎవడో అరిచాడు: "స్రెటెన్ మావా, చొక్కా మార్చుకుని దిగిపో, గొడవ వదిలిపోద్ది!"

స్రెటెన్ మొహం మాడిపోయింది.

సెకండాఫ్ సగమైంది. ఇంకా ఒక గోల్ వెనకే. మాస్టారు వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. "ఆకలేస్తోంది. గ్యాలరీ వెనకాల కబాబులు కాలుస్తున్నారు, పద."

"ఇప్పుడా? ఓడిపోతే నా పనైపోయినట్టే గురువుగారూ! నేను లేకపోతే వీళ్ళు ఎవర్ని చూసి ఆడతారు?"

అంతలో బంతి మళ్ళీ వచ్చి స్రెటెన్ బూటుకి తగిలింది. దాన్ని లోపలికి తన్నేసి, తల వంచుకుని ఆయన వెనకే నడిచాడు.

గ్యాలరీ వెనకాల పొగ, ఉల్లిపాయల వాసన తప్ప ఏం కనపడదు. చప్పుళ్ళు మాత్రం వినపడుతున్నాయి. విజిల్. తిట్లు. ఎవడో "నువ్వే తన్నరా, ఇంకెవడికిస్తావ్!" అని గొంతు చించుకున్నాడు. స్రెటెన్ చేతిలో కబాబు పెట్టిన రొట్టె అలాగే ఉంది, కొరకలేదు. రెండుసార్లు లేవబోయాడు. రెండుసార్లూ మాస్టారు భుజమ్మీద చెయ్యేసి కూర్చోబెట్టాడు.

ఉన్నట్టుండి గ్యాలరీ అదిరిపోయింది. డప్పులు మోగాయి.

ఆ డప్పులు మన ఊరివే. ఇక ఆగలేదు, స్రెటెన్ రొట్టె పట్టుకునే పరిగెత్తాడు. బోర్డు మీద ఒకటి ఒకటి. మిలున్ కంచె ఎక్కి జనాన్ని వాటేసుకుంటున్నాడు. దిగాడు, అరుస్తూ స్రెటెన్ ముందు నుంచే పోయాడు, ఆగలేదు. మిగిలిన కాసేపూ బంతి ఒక్కసారి కూడా ఇటు రాలేదు. చివరి విజిల్ పడింది. లీగ్‌లో చోటు నిలబడింది, ఉద్యోగమూ నిలబడింది.

మాస్టారు మూతి తుడుచుకుంటూ మెల్లగా వచ్చాడు.

"గెలిచినంత పనైంది గురువుగారూ," అన్నాడు స్రెటెన్. గొంతులో మాత్రం ఆ సంబరం లేదు. "కానీ వెధవ, గోల్ కొట్టి నా వైపు ఒక్కసారి కూడా చూళ్ళేదు."

మాస్టారు జేబులో గింజల కోసం వెతుక్కుంటూ అన్నాడు: "నీ మొదటి గోల్ ఈ గ్రౌండ్‌లోనే కొట్టావు కదా. అప్పుడు నేనెక్కడున్నానో చెప్పు చూద్దాం."