పక్క పాకలో ఉలవలు

ఇప్పలమెట్ట దిగువన, మూడు బాటలు కలిసేచోట, జంతువుల కూలీ అడ్డా ఒకటుంది. పని కావాల్సినవాళ్ళంతా తెల్లారేసరికి అక్కడికొచ్చి నిలబడతారు. తవ్వకం పని ఉంటే అడవిపందుల్ని పిలుస్తారు, కబురు మోయాలంటే కాకుల్ని పిలుస్తారు. ఏ పనీ నేర్వనివాడికి కూలి గడ్డి. కాస్త నేర్చినవాడికి తవుడు. నేర్చినవాడు ఆ చుట్టుపక్కల ఒక్కడే అయితే మాత్రం వాడు ఏం అడిగితే అది. ఈ మూడో సంగతి అడ్డా మీద చంటిపిల్లలకి కూడా తెలుసు. తెలిసీ చెవికెక్కించుకోనివాడు ఒక్కడున్నాడు. వాడి పేరు గవరయ్య. జాతికి గాడిద.

గవరయ్య పనివాడు కాదని ఎవరూ అనలేరు. కొండ మీద రాలిన ఇప్పపలుకుల్ని గోతాల్లో వేసుకుని, కిందనున్న ఎలుగుబంటి కొండలరావుగారి నూనె గానుగ దాకా దించడం వాడి పని. ఆ దారి వాడికి తన తోక తెలిసినంత బాగా తెలుసు. రోజూ రెండు పూటలా తవుడు తిని, కడుపు నిండి, హాయిగా నిద్రపోయేవాడు. పక్క పాకలోకి పోలయ్య దిగేదాకా ఆ హాయి సాగింది.

పోలయ్య ఎద్దు. డెల్టా నుంచి వచ్చాడు. కొండలరావుగారి గానుగ తిప్పే పనిలో కుదిరాడు. సాయంత్రం ఇంటికొచ్చేటప్పుడు గంపెడు నానేసిన ఉలవలు తెచ్చుకునేవాడు. రెండు పాకలకీ మధ్య ఉన్నది ఒక్క వెదురు తడిక. దాని అవతల పోలయ్య కరకరమని నములుతుంటే, ఇవతల గవరయ్య నోట్లో తవుడు మట్టిలా తగిలేది.

"ఏం బావా, తిన్నావా?" అని పోలయ్య తడిక అవతల్నించి పలకరించేవాడు. ఒక్క పూట కూడా మానేవాడు కాదు.

"తిన్నాన్లే. మాలాంటోళ్ళకి తవుడే పరమాన్నం. నీలాగా మేమేమైనా సదువుకున్నోళ్ళమా?"

"సదువేంటి బావా, గానుగ తిరగడం నేర్చాను, అంతే. కాసిని ఉలవలు ఇటు తోయమంటావా?"

"నాకెందుకు నీ ముష్టి!"

పోలయ్య నొచ్చుకోలేదు. అదే గవరయ్యకి మరీ మండిపోయింది. కాస్త గర్వం చూపించినా తిట్టుకుని పడుకునేవాడు. మంచివాణ్ణి చూసి ఏడవడమంత కష్టం ఇంకోటి లేదు, ఆ ఏడుపుకి ఒక వంకైనా దొరకదు.

"నిజం చెప్పనా బావా," అన్నాడు పోలయ్య నెమరేస్తూ. "మా డెల్టాలో నాలాగా నేర్చినోళ్ళు వీధివీధికీ ఉన్నారు. గానుగలేమో ఒక్కోటీ మూతపడిపోతన్నాయి. ఎండుగడ్డి ఇత్తామన్నా పరిగెత్తేవోళ్ళం. ఇక్కడ కొండలరావుగారికి గానుగ ఉంది, తిప్పేవోడు లేడు. అందుకే ఈ ఉలవలు. నేనేదో గొప్పోడినని కాదు, ఇక్కడ నేనొక్కడినే అవబట్టి."

ఇంత వివరంగా చెప్తే గవరయ్య చెవిలో పడినవి రెండే ముక్కలు: గొప్పోడు, ఉలవలు. 'గుండ్రంగా తిరిగేవాడు గొప్పోడట! నేను కొండెక్కి దిగుతున్నాను. వాడు ఉన్నచోటే ఉంటున్నాడు. వాడికి ఉలవలు, నాకు తవుడు!' అనుకుంటూ తెల్లవార్లూ పొర్లాడు.

ఇలాంటివాళ్ళు ఏ ఊళ్ళో ఉంటారో వాసన పట్టి ఆ ఊరికి వచ్చేవాడు ఒకడుంటాడు. ఇప్పలమెట్టకి వచ్చినవాడు నక్క. పేరు శేషగిరి మాస్టారు. మెడకి కండువా, తోకకి నూనె, వెనకాల కట్టెడు ఎర్ర రిబ్బన్లు. అడ్డా పక్కనే మిట్ట మీద వృత్తి శిక్షణ కేంద్రం అని పెట్టాడు. శిక్షణ ముగిసినవాడి మెడలో ఎర్ర రిబ్బను కడతాడు, అదే పట్టా.

"గవరయ్యగారూ!" అని పిలిచాడు.

పుట్టి బుద్ధెరిగాక గవరయ్యని 'గారూ' అన్నవాడు లేడు. వెనక ఎవరైనా ఉన్నారేమోనని తిరిగి చూసుకున్నాడు.

"మిమ్మల్నేనండి. ఆ వీపు బరువులు మోయడానికి పుట్టిన వీపు కాదండి. ఆ పోలయ్యని చూస్తే నాకు జాలేస్తుంది. ఏముంది అతని దగ్గర? ఒక కోర్సు. ఆ కోర్సే మీకూ ఉంటే..."

గవరయ్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తన బాధ ఇంత బాగా అర్థం చేసుకున్నవాడు మరొకడు దొరకడు అనిపించింది. "పోలయ్య కంటే ఎక్కువిత్తారా మాస్టారూ?"

"అతనికి గంపతో ఇస్తున్నారు కదండీ? మీకు గోతాంతో ఇస్తారు. పని గ్యారంటీ."

"మరి ఫీజు?"

"మీ దగ్గర ఫీజా! భలేవారే!" నక్క చెవులు మూసుకున్నాడు. "మా మేనల్లుడొకడున్నాడు. పరదేశి అని, కంచరగాడిద. వాడికి ఆ కొండదారి కాస్త చూపించండి చాలు. కుర్రాడికి కొండగాలి మంచిదని డాక్టరుగారు చెప్పారు."

నక్కకి కంచరగాడిద మేనల్లుడెలా అయ్యాడని గవరయ్య అడగలేదు. అసలు అడగాల్సినవి చాలానే ఉన్నాయి. ఈ చుట్టుపక్కల గానుగలెన్ని? వాటికి ఎద్దులు లేకనా? గాడిద తిప్పిన గానుగ ఎక్కడైనా ఉందా? ఒక్కటీ అడగలేదు. వాడికి తెలుసుకోవాలనిపించినది పోలయ్య కంటే ఎక్కువా తక్కువా అన్నది ఒక్కటే. దానికి సమాధానం దొరికింది.

మర్నాటి నుంచి పొద్దున్నే పరదేశిని కొండెక్కించేవాడు, మధ్యాహ్నం కళ్ళకి గంతలు కట్టుకుని మిట్ట మీద పాతిన గుంజ చుట్టూ తిరిగేవాడు. గంతలు కట్టాక వాడికి కనిపించేది చీకటే. ఆ చీకట్లో మాత్రం గోతాల కొద్దీ ఉలవలు, వాటి వెనక వెలవెలబోతున్న పోలయ్య మొహం చక్కగా కనిపించేవి.

కొండ మీద మాత్రం వాడు మంచి గురువు. మెచ్చుకోక తప్పదు.

"ఇదిగో, ఈ రాయి సూడ్డానికి గట్టిగా ఉంటది. కాలెట్టావా, ఊగుద్ది. బరువుతో పాటు లోయలోకి పోతావు. ఎడంపక్కన వేరుంది సూడు, దాని మీద అడుగెయ్యి."

"అలాగే మాస్టారూ."

"వాగు నీళ్ళు ఎర్రగా కనబడితే పైన వానొచ్చిందని. అప్పుడు దాటకూడదు. పాలచెట్టు పక్క నుంచి పై దారి పట్టాలి. ఈ దారి నేను తప్ప ఎవరెరుగుదురనుకున్నావు?"

పరదేశి పల్లంలో బరువులకి బండ్లొచ్చి పని పోయినవాడు, ఆకలికి పక్కటెముకలు బయటపడి ఉన్నాయి. "ఇంత తెలిసినోరు, ఈ పని ఎందుకు మానేత్తన్నారండీ?" అని అడిగాడు.

"ఇందులో ఏముందిరా! పక్కోడు ఉలవలు తింటన్నాడు."

పరదేశి ఊగే రాయిని జాగ్రత్తగా తప్పుకుని వేరు మీద అడుగేశాడు.

ఈలోగా తొలకరి పడింది. ఇప్పకాయలు ముమ్మరంగా రాలాయి. కొండంతా పలుకులే, దారంతా బురదే. శిక్షణ ముగింపుకొచ్చిందని, మధ్యలో పని చేస్తే నేర్చిన నడక చెడిపోతుందని నక్క చెప్పడంతో గవరయ్య బరువులు మోయడం బొత్తిగా మానేశాడు. "నా బదులు నువ్వు మొయ్యరా" అని తన గోతాలు కూడా పరదేశి వీపు మీద వేశాడు.

ఒక శుభోదయాన నక్క వాడి మెడలో ఎర్ర రిబ్బను కట్టాడు. గవరయ్య అడ్డా మీద నుంచి, అందరూ చూసేలాగా, నిదానంగా నడుచుకుంటూ కొండలరావుగారి గానుగ దగ్గరికి వెళ్ళాడు.

గానుగ తిరుగుతోంది. కళ్ళకి గంతలతో పోలయ్య ఒకే తీరున నడుస్తున్నాడు. కొండలరావుగారు చేతులకంటిన నూనె బొచ్చుకి రాసుకుంటూ బయటికొచ్చారు.

"ఏరా గవరయ్యా, ఎక్కడ సచ్చావు ఇన్నాళ్ళూ?"

"గానుగ నేర్చానండి. పట్టా అయింది." మెడ సాచి రిబ్బను చూపించాడు.

"మంచిది. నాకున్నది ఒక్క గానుగ. దానికి ఎద్దుంది. నిన్నేం చేసుకోను?"

ఎద్దుందన్న సంగతి గవరయ్యకి తెలియకనా! రోజూ రాత్రీ పగలూ ఆ ఎద్దునే తలుచుకుని కుళ్ళినవాడు. కానీ తను పనికి కుదిరాక ఆ ఎద్దు ఎక్కడికో మాయమైపోతాడని మనసులో ఎక్కడో అనుకున్నాడు. ఇప్పుడు ఆ మాట పైకి అనేశాడు.

"ఆణ్ణి తీసెయ్యండి బాబూ. ఆడికిచ్చేదాంట్లో సగానికి నేను చేత్తాను. అసలు ఆడెవడండీ, ఎక్కడో పల్లం నుంచి వచ్చాడు!"

గానుగ కిర్రుమని ఆగింది. గంతల వెనక పోలయ్యకి ఏమీ కనిపించదు. గొంతు మాత్రం ఎవరిదో తెలిసింది. ఒక్క క్షణం చెవులు నిక్కించి నిలబడి, మళ్ళీ నడక మొదలుపెట్టాడు. కొండలరావుగారు అటు చూసి, ఇటు చూసి, నేల మీద ఉమ్మేశారు.

"వారీ గాడిదా! నీ మెడకి ఈ కాడి ఆనుతుందా? ఆ బరువు ఎద్దు మూపుకి గానీ ఆగదు. సరే, అది పోనీ. తొలకరిలో ఆ కొండదారి తెలిసినవాడు నాకు గానుగెద్దు కంటే ఎక్కువ. పలుకులు దిగకపోతే ఈ గానుగ దేన్ని ఆడుతుంది? గంపన్నర ఉలవలిస్తాను, వచ్చి బరువులు దించమని నీకు రెండుసార్లు కబురు పెట్టానా లేదా?"

"గంపన్నరా? నాకా? నాకు కబురు అందలేదండీ!"

"మీ మాస్టారే చెప్పి పంపాడు, గవరయ్యగారు ఇక బరువులు మోయరని. మోసేవాడు తన దగ్గర ఉన్నాడని కూడా చెప్పాడు. నిన్ననే వాణ్ణి ఉలవలకి పక్కాగా కుదుర్చుకున్నాను. కుదిర్చినందుకు మాస్టారికి నాలుగు కోళ్ళు అప్పుడే ముట్టజెప్పాను."

సరిగ్గా అప్పుడే పరదేశి కొండ దిగి వస్తున్నాడు. వీపు మీద గవరయ్య గోతాలు. ఊగే రాయి దగ్గర ఆగి, ఎడమ పక్క వేరు మీద అడుగు వేసి, ఒక్క పలుకు కూడా రాలకుండా దిగాడు. గవరయ్యని చూసి తల వంచి దండం పెట్టాడు.

"దారి బాగా నేర్పారు మాస్టారూ," అన్నాడు.

గవరయ్య మిట్ట మీదికి పరిగెత్తాడు. అక్కడ గుంజ తప్ప ఏమీ లేదు. శేషగిరి మాస్టారు ఏ ఊళ్ళో ఎవరికి కడుపుమంటగా ఉందో వెతుక్కుంటూ వెళ్ళిపోయాడు.

ఇప్పుడు గవరయ్య రోజూ పొద్దున్నే మెడలో ఎర్ర రిబ్బనుతో అడ్డా మీద నిలబడుతున్నాడు. ఏం పని వచ్చని అడిగితే గానుగ అంటాడు. అడిగినవాళ్ళు నవ్వి, ఏ పనీ నేర్వనివాళ్ళ వరసలో నిలబెడతారు. సాయంత్రానికి గడ్డి దొరికితే దొరికినట్టు.

పరదేశి గవరయ్య పాకకి రెండోవైపున్న ఖాళీ పాకలో దిగాడు. దాంతో పొద్దు వాలేసరికి గవరయ్యకి రెండు తడికల అవతల్నించీ కరకర శబ్దం వినిపిస్తోంది. పరదేశి కొత్తవాడు, తింటూ మాట్లాడడు. పోలయ్య పాతవాడే, కానీ "తిన్నావా బావా?" అని అడగడం మానేశాడు. కాసిని ఉలవలు ఇటు తోయమంటావా అనడం కూడా మానేశాడు. గడ్డిపోచ నోట్లో పెట్టుకుని, ఆ రెండిట్లో ఏ గంప పెద్దదా అని గవరయ్య చెవులు రిక్కించి వింటున్నాడు.

పక్కవాడి కూలి మీదే కళ్ళన్నీ పెట్టినవాడు తన పనిని తన చేతులతోనే ఇంకొకడికి అప్పజెపుతాడు.