తియ్యన్న పోసిన మొదటి గుక్క

సముద్రానికి కూతవేటు దూరంలో ఉన్న తియ్యనపాడులో ఎక్కడ బావి తవ్వినా ఉప్పునీరే. ధారమ్మ తల్లి గుడి ముంగిట బావిలో మాత్రం కొబ్బరినీళ్ల వంటి నీరు. నమ్మనివారితో మాకు వాదం లేదు. చేద అక్కడే ఉంది, తోడుకొని తాగవచ్చు. నీటి తీపిని బట్టే ఊరికి ఆ పేరు వచ్చిందని భక్తులు అనుకుంటారు. అది సగం నిజం. తక్కిన సగం ఒక పరదేశిది.

పూర్వం ఇక్కడ పది గుడిసెల పల్లె ఉండేది. ఆ కాలంలో వాయవ్య దిక్కున, కొండల ఆవల, యవనులు, అంటే గ్రీకులు, నగరాలు కట్టుకొని ఏలేవారు. అటువంటి ఒక నగరంలో థియోన్ అనే శిల్పి ఉండేవాడు. కోట వాకిళ్ల మీద రాజు పేరు చెక్కడం అతని వృత్తి. ఆ రాజులేమో మూన్నాళ్ల ముచ్చట. అన్నను చంపి తమ్ముడు, తమ్ముణ్ణి తరిమి సేనాని గద్దెనెక్కేవారు. ఎక్కినవాడల్లా పాత పేరు చెరిపి తన పేరు చెక్కమనేవాడు. చివరకు గుర్రాల మీద వచ్చిన కొత్త దొరలు యవనుల అక్షరాలనే చెరిపెయ్యమన్నారు. అది థియోన్ చేతకాలేదు. తల్లిదండ్రుల సమాధులకు దణ్ణం పెట్టి, ఉలి సంచీ భుజాన వేసుకొని వెళ్లిపోయాడు. ఎన్ని బిడారుల వెంట నడిచాడో, ఎన్ని ఓడలెక్కాడో తెలియదు. ఎక్కడా రెండు రోజులు నిలవనివ్వలేదు. వైశాఖపు ఎండల్లో మన తీరాన దిగేనాటికి అతని కోరిక ఒక్కటే, ఎవరూ పొమ్మనని చోటు.

గొర్రెలు కాచే రేవక్క అతని ఎండిన పెదవులు చూసి జాలిపడింది. రెండు క్రోసుల దూరం నుంచి నెత్తిన మోసుకొచ్చిన నీటిలో ఒక ముంత ఇచ్చి పేరడిగింది. అతడు చెప్పింది ఆమెకు తియ్యన్న అని వినబడింది.

“తాగు, తియ్యన్నా,” అంది.

అతడు ముంత అందుకొని, ఏదో గొణిగి, మొదటి గుక్కను నేల మీద ధార పోశాడు. దేవతలకూ గతించినవారికీ పొయ్యనిదే తాగకపోవడం వారి ఆచారం. చుట్టూ చేరిన ఊరివారు భగ్గుమన్నారు. ఊరిపెద్ద నందికుడు కర్ర ఎత్తాడు. “మనం చుక్క కోసం చస్తుంటే వీడు ఒలకబోస్తాడా? వీడికి ఇక్కడ నిలువ నీడ లేదు. ఓడెక్కించండి.”

తియ్యన్న వచ్చీరాని మాటలతో చెప్పుకున్నాడు. “మొదటి గుక్క మావాళ్లది. పోసేవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను.”

రేవక్క నేల వంక చూస్తోంది. ఇక్కడి చవుడు నేల మీద పోసిన నీరు మడుగు కట్టాలి. ఈ చోట తడి కూడా మిగలలేదు. ఒక ముసలి గొర్రె అక్కడే మూతి పెట్టి గిట్టతో గీరుతోంది.

“పెద్దయ్యా, కాస్త ఆగు. చవుడు ఇంత ఆత్రంగా తాగదు. కింద ఇసుక ఉంది. ఇసుకలో మంచినీరు ఉండవచ్చు, తవ్వి చూద్దాం,” అంది.

నందికుడు సణుగుతూనే కర్ర దించాడు. తియ్యన్న ఉలితో పెళ్లగించాడు, ఊరంతా మట్టి తోడింది. నిలువెత్తు లోతున నీరు ఉబికింది. రేవక్క దోసిట పట్టి రుచి చూసి, ఏడుస్తూ నవ్వింది. అది మంచినీరు.

మొదటి ముంత ఊరిపెద్దకు ఇచ్చారు. నందికుడు తాగలేదు. తియ్యన్న ఎదుట నిలబడి, “నీ తండ్రి పేరేమిటి, నాయనా?” అని అడిగాడు. “అపొల్లోదోరుడు,” అన్నాడు తియ్యన్న. పెద్దాయనకు నోరు తిరగలేదు. తిరిగినంత మేరకు “అప్పలదొరకు” అని పలికి, మొదటి గుక్క నేలకు పోశాడు. ఆ తరువాత తియ్యన్నను ఎవరూ పొమ్మనలేదు.

గర్భగుడిలోని అమ్మవారిని చెక్కింది అతడే. యవన స్త్రీల కుచ్చిళ్ల వస్త్రం, మన కొప్పు, చేతిలో వంచిన ముంత. పీఠం మీద ఏ రాజు పేరూ లేదు. “ఎవరికీ చెరపవలసిన పని ఉండకూడదు,” అన్నాడట.

నేటికీ ఇక్కడ తీర్థం పుచ్చుకునేవారు మొదటి గుక్క నేలకు పోసి, దూరమైన తమవారి పేరు చెబుతారు. పక్కనున్న పరాయివారు కూడా ఆ పేరు పలకాలి. తప్పు పలికినా దోషం లేదు. ఊరు విడిచి వచ్చినవారికి, బదిలీల మీద తిరిగేవారికి, ముంపు గ్రామాలవారికి ఈ తల్లి నిలువ నీడ చూపుతుందని ప్రతీతి. ఆ రాజుల పేర్లు ఇప్పుడు ఎవరికీ తెలియవు. అప్పలదొర మాత్రం తియ్యనపాడులో ఇంటికొకడు ఉన్నాడు.